కాళ్ళు పైకి పెట్టిన బెంచీ

రంగులక్క ఇంట్లో డబ్బు పెట్టి కొన్న సామాను అంటూ ఉంటే అది గోడ గడియారం ఒక్కటే. మిగతావన్నీ ఎవరో ఒకరు వద్దనుకున్నవి. ముందుగదిలో సోఫా ఒకప్పటి పిల్లల మంచం. ఒక పక్క కటకటాలు కోసేసి, పరుపు వేసి, పాత కర్టెన్లతో దిండ్లు కుట్టింది. టీపాయ్ కరెంటు కేబులు చుట్టుకొచ్చే చెక్క చక్రం. పడగ్గదిలో అద్దం చుట్టూ ఉన్నది కిటికీ చట్రం. ఆ కిటికీ ఏ ఇంటిదో ఆమెకే గుర్తు లేదు. వచ్చినవాళ్ళు ఇల్లంతా తిరిగి చూసి, "ఏది ఎవరు పారేసిందో చెప్పక్కా" అని సరదాపడతారు. అప్పుడు వంటింట్లోంచి అత్తగారి గొంతు లేస్తుంది.

"మా వాణ్ణి కూడా చూపించవే! వాణ్ణి నేను పారేస్తేనే కదా నువ్వు ఏరుకుంది."

అందరూ నవ్వుతారు. స్కూలు వ్యాను నడిపే ఆమె భర్త అందరికంటే గట్టిగా నవ్వి, "పారేసేముందు మా అమ్మ కాస్త రంగైనా వేయలేదు" అంటాడు.

ఈ నవ్వు ఆ ఇంట్లో మొదటినుంచీ లేదు. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో ఆ రెండు గదుల్లో ఒక చాప, ఒక ట్రంకుపెట్టె ఉండేవి. చుట్టాలొస్తే పెట్టె మీద కూర్చోబెట్టేవాళ్ళు. పెట్టెలోంచి బట్టలు కావాలంటే చుట్టాన్ని లేపాలి. ఒక సాయంత్రం పెద్దిళ్ళ సందు చివర, చెత్తకుండీ పక్కన ఒక కుర్చీ కనిపించింది. వీపు విరిగింది గాని కాళ్ళు గట్టిగా ఉన్నాయి. ఆమె ఇంటికి పరుగున వెళ్ళి దుప్పటి తెచ్చి, కుర్చీకి కప్పి, నిద్రపోయే పిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని గోడల వారగా నడిచి వచ్చింది. ఎదురైన పొరుగావిడ "ఏంటమ్మా అది?" అంటే "మా అన్నయ్య పంపాడు" అంది.

ఆమెకి అన్నయ్య లేడు. తర్వాత స్టూలు పంపింది కూడా ఆ లేని అన్నయ్యే. పుస్తకాల అర పంపిందీ ఆయనే. చివరికి పొరుగావిడ, "మీ అన్నయ్యకి కలప అడితీ ఉందా ఏంటి?" అని అడిగేదాకా వచ్చింది. అత్తగారు ఆ రోజుల్లో నవ్వించడానికి మాట్లాడేది కాదు. "ఊళ్ళోవాళ్ళ పిర్రలన్నీ మోసి మోసి చచ్చిన కుర్చీలు చివరికి మన గడప తొక్కుతున్నాయి" అనేది, పక్కింటికి వినిపించేలా. ఆమె ఆ రాత్రులు గోడవైపు తిరిగి పడుకునేది. ఏరుకుని తెచ్చుకున్న బతుకని నలుగురూ అనుకుంటారన్నదే ఆమె దిగులు.

చేతులు మాత్రం ఆ దిగులుతో పని లేకుండా నేర్చుకున్నాయి. రంపం వంకర పోకుండా కొయ్యడం, పాత మేకు చెక్కని చీల్చకుండా పీకడం, కన్నాల్లో లప్పం నింపి ఆరాక గరుకు కాగితంతో రుద్దడం, ఇవన్నీ పాడుచేసి పాడుచేసి వచ్చిన విద్యలు. స్కూళ్ళకి సున్నాలు, రంగులు వేసినప్పుడు డబ్బాల అడుగున మిగిలిన రంగు భర్త అడిగి తెచ్చేవాడు. ఏ డబ్బాలోనూ ఒక వస్తువుకి సరిపడా ఉండేది కాదు. అందుకని కలిపేది. అంగట్లో దొరకని రంగులు తేలేవి. ఆమెకి రంగులక్క అని పేరొచ్చింది అలాగే.

మేడమీద అద్దెకుండే టీచరమ్మ ఒకరోజు పంచదార అప్పుకి వచ్చి, పుస్తకాల అర ముందు నిలబడిపోయి, "ఇలాంటిది నాకూ చేసిపెడతావా?" అంది. టీచరమ్మ తర్వాత టైలరు భార్య, ఆ తర్వాత ఇంకెవరో. కొత్తగా కాపురం పెట్టినవాళ్ళు, చిన్న జీతాలవాళ్ళు, కొన్నది అనిపించుకునేలా ఇల్లు సర్దుకోవాలనుకునేవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. సిగ్గు ఎప్పుడు పోయిందో ఆమెకి తెలియదు. పంటి నొప్పిలా, పోయిన చాలాసేపటికి గాని పోయిందని తెలియలేదు.

పేరొచ్చాక పేరు కాపాడుకోవాలన్న భయమూ వచ్చింది. ఎవరి గుమ్మం ముందు ఏది తీసినా దొంగ అన్న మాట పడకూడదు. అందుకని ఆమే వీధిలో ఒక పద్ధతి పెట్టింది. వద్దనుకున్న సామాను వీధి మలుపులో, కాంపౌండరు గారి ఇంటి పక్కగోడ దగ్గర పెట్టాలి. కాళ్ళు ఆకాశం కేసి ఉంటే ఎవరైనా తీసుకోవచ్చు. కాళ్ళు నేలమీద ఉంటే ముట్టుకోకూడదు. వీధి ఆ పద్ధతికి ఎంత అలవాటు పడిందంటే, టైలరు భార్య ఒక మధ్యాహ్నం కిటికీలోంచి కేకేసింది. "అక్కా, మా ఆయన గోడకి కాళ్ళు ఎత్తిపెట్టి పడుకున్నాడు. పట్టుకుపోతావా?"

"నా దగ్గర అంత లప్పం లేదమ్మా" అంది రంగులక్క.

టీచరమ్మే గ్రంథాలయంలో ఒక ఆదివారం సభ ఏర్పాటు చేసింది. తక్కువ ఖర్చుతో ఇల్లు ఎలా సర్దుకోవచ్చో రంగులక్క చెప్పాలి. ముందు రోజు ఆడవాళ్ళు ఇల్లు చూడ్డానికి వస్తారు. ఇంట్లో అన్నీ ఉన్నాయి గాని ముందుగదిలో ఎదురుగోడ బోడిగా ఉంది. గుమ్మంలో అడుగుపెట్టగానే కంటపడేది ఆ గోడే. దానికి పొడుగాటి, మందమైన చెక్క అరలు కావాలి. ఆమె దగ్గర ఉన్నవి బీరువా ముక్కలు, ప్లైవుడ్ పెచ్చులు. వాటిని చూసినకొద్దీ ఆ గోడ ఇంకా బోడిగా కనిపించేది.

అలాంటప్పుడు, ఒక మునిమాపు వేళ, మలుపులో బెంచీ కనిపించింది. కాళ్ళు పైకి ఉన్నాయి.

కాంపౌండరు గారి బెంచీ అని చూడగానే తెలిసింది. ఆయన ముందుగదిలో కట్లు కడతాడు, బీపీ చూస్తాడు, సూదులు వేస్తాడు. ఆ వీధిలో ఆ బెంచీ మీద కూర్చుని తన వంతు కోసం చూడనివాళ్ళు లేరు. వంగి కిందకి చూసింది. అతుకు లేని ఒకే చెక్క, మనిషి పొడవు. జనం కూర్చుని కూర్చుని నున్నగా తేలింది. అలాంటి చెక్క ఇప్పుడు కొనాలన్నా దొరకదు. అరచేత్తో నిమిరింది. అప్పుడు కిరోసిన్ వాసన వచ్చింది. కాళ్ళ చివర్లు తడిగా ఉన్నాయి. పురుగు తొలిచిన ఒక్కో కన్నంలో చిన్న దూది ఉండ కుక్కి ఉంది, సూది వేశాక పెట్టినట్టు.

పారేసేదానికి ఎవరూ వైద్యం చేయరు. ఈ సంగతి రంగులక్కకి తెలిసినంతగా ఆ వీధిలో ఇంకెవరికీ తెలియదు. తెలిసిన మరుక్షణమే మనసు ఇంకో మాట అల్లింది. మందు పెట్టి చూసి, లాభం లేదని వదిలేశాడేమో. వదిలేయకపోతే కాళ్ళు పైకి ఎందుకు పెడతాడు? పద్ధతి పద్ధతే కదా. ఇల్లు చేరేసరికి ఆ అబద్ధం నాలుగు కాళ్ళ మీద గట్టిగా నిలబడింది.

గోనె మీద ఈడ్చుకొచ్చిన బెంచీని అత్తగారు చూసింది. వంగి ఒక దూది ఉండ పీకి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇది పారేసిందేనా?"

"మలుపులో ఉంది. కాళ్ళు పైకి ఉన్నాయి."

"పారేసేవాళ్ళు దూది పెడతారటే?"

"కాళ్ళు పైకి ఉన్నాయని చెప్పాగా అత్తయ్యా! ప్రతిదానికీ ఆరాలు."

ఏ చెక్క తెచ్చినా రంగులక్క వెంటనే రంపం పెట్టదు. గోడకి ఆనించి, వస్తూ పోతూ చూస్తూ, అది ఏమవుతానంటుందో తేలాకే ముట్టుకుంటుంది. ఆ రోజు మాత్రం చేతులు కడుక్కోకుండానే కాళ్ళు ఊడగొట్టి, పలకని బిగించి నిలువునా రెండుగా కోసేసింది. కోసేస్తే ఇక తిరిగి ఇవ్వమనేవాళ్ళు ఉండరు. ఆ సంగతి రంపానికీ తెలుసు, ఆమెకీ తెలుసు.

మర్నాడు పొద్దున్నే కాంపౌండరు గారు వచ్చాడు. పొడుగాటి మనిషి, గుమ్మంలో తల వంచి నిలబడ్డాడు.

"అమ్మాయ్, నా బెంచీ నీ కంట పడిందా?"

"ఏ బెంచీ బాబాయ్?"

"అదే, జనం కూర్చునేది. కాళ్ళకి పురుగు పట్టింది. సిరంజితో కిరోసిన్ ఎక్కించి, లోపలికి దిగాలని తిరగేసి ఎండలో పెట్టా. కాస్త కునుకు పట్టింది. లేచి చూస్తే లేదు. తప్పు నాదే అనుకో. ఆ మలుపులో అలా పెట్టకూడదని బుర్రకి తట్టలేదు."

వెనక గదిలో తెర చాటున రెండు పలకలూ ప్రైమరు పూసుకుని ఆరుతున్నాయి.

"చూళ్ళేదు బాబాయ్."

"ఈ వీధిలో పుల్ల కదిలినా నీకు తెలుస్తుందంటారు. నువ్వే చూడలేదంటే బయటివాళ్ళెవరో అయ్యుంటారు. పోనీలే, ఎవరికెంత అవసరమో!" అని, వెళ్తూ వెళ్తూ "పొద్దున్నే విసిగించా, ఏమనుకోకు" అన్నాడు.

అప్పుడు చెప్పి ఉంటే అది పొరపాటు. కాళ్ళు పైకి ఉన్నాయని తీసుకున్నా బాబాయ్ అంటే ఆయన నవ్వేవాడు, వీధి నవ్వేది, అత్తగారికి ఇంకో హాస్యం దొరికేది. ఆయన గుమ్మం దిగేలోగా పొరపాటు కాస్తా దొంగతనమైంది. చేయి చేసిన పని కంటే నోరు చేసిన పనే పెద్దదైంది.

పలకలకి నీలం వేసింది. సముద్రపు నీలంలో ఆకుపచ్చ డబ్బా అడుగు కలిపితే వచ్చింది. గోడకి బిగించాక గది రూపే మారిపోయింది. కానీ బజారుకి వెళ్ళాలంటే కాంపౌండరు గారి గుమ్మం దాటాలి. అక్కడ మెట్ల మీద నిండు చూలాలు గోడకి చేరగిలబడి ఉంది. కాలికి కట్టున్న ముసలాయన చేతికర్ర నేలకి ఆనించి, లేవలేక కూర్చోలేక నిలబడి ఉన్నాడు. రంగులక్క చుట్టు తిరిగి వెనక సందులోంచి వెళ్ళడం మొదలుపెట్టింది.

ఉండబట్టలేక కొత్త బెంచీ చేసింది. విరిగిన మంచాల తలవైపు పలకలు, ఒక పాత తలుపు. చేరగిలడానికి వీపు పెట్టింది, పెద్దవాళ్ళు పట్టుకు లేవడానికి పక్కన పిడి పెట్టింది. ఆమె చేతిలో అంతకంటే మంచి పని అంతకుముందు రాలేదు. భర్త వ్యానులో తీసుకెళ్ళి దించాడు. అతనికి ఇవేమీ తెలియవు. కాంపౌండరు గారు బెంచీ చుట్టూ తిరిగి, పిడి పట్టుకుని చూసి, ఏదో అనబోయి ముక్కు చీదుకున్నాడు. అప్పు తీరిందనుకుని ఇంటికొచ్చిన రంగులక్కకి ఆ ముక్కు చీదుడే చెవుల్లో ఉండిపోయింది.

సభ ముందురోజు ఆడవాళ్ళు వచ్చారు. గుమ్మంలోనే ఆగి, "అబ్బ, ఈ అరలు చూడండి!" అన్నారు. ఒకామె వేలితో తడిమి, "ఇది ఎవరు పారేసిందక్కా?" అని అడిగింది. రంగులక్క "మలుపులో దొరికింది" అంది. అందరూ వంటింటివైపు చెవులు పెట్టారు, అలవాటు ప్రకారం. అక్కణ్ణుంచి గిన్నె కడుగుతున్న చప్పుడు తప్ప ఏమీ రాలేదు.

గ్రంథాలయంలో ఆమె మాట్లాడినంతసేపూ బాగానే ఉంది. ఏ చెక్క తీసుకోవాలి, ఏది వదిలేయాలి, చిరిగిన చీరతో దీపానికి గొడుగు ఎలా కట్టాలి. చివర్లో వెనక వరసలో కాంపౌండరు గారు లేచాడు.

"నాకు రంగుల సంగతి తెలీదు. ఒక్క ముక్క చెప్తా. నా బెంచీ ఎవడో ఎత్తుకుపోయాడు. ఈ అమ్మాయి, నేను అడక్కుండానే, దానికంటే మంచిది చేసి తెచ్చిచ్చింది. పైసా పుచ్చుకోలేదు. దొంగలున్న వీధిలోనే ఇలాంటివాళ్ళూ ఉంటారు. చప్పట్లు కొట్టండి."

కొట్టారు. కర్ర మోపుకుని ముసలాయన కూడా ఒక చేత్తో తొడ మీద చరిచాడు. రంగులక్క తల నేలకి వేలాడిపోయింది. ముందు వరసలో ఎవరో పక్కావిడతో అనడం వినిపించింది. "చూశావా, ఎంత అణకువో!"

ఒకప్పుడు దుప్పటి కప్పి కుర్చీ మోసినప్పుడు పడ్డది సిగ్గే కాదని ఆమెకి అప్పుడు తెలిసింది. అప్పుడు ఎవరైనా తిడతారేమోనని భయం. ఇప్పుడు మెచ్చుకుంటుంటే ఒళ్ళంతా కాలిపోతోంది.

ఇంటికొచ్చి అత్తగారి ముందు కూలబడింది. "ఏదో ఒకటి అనండి అత్తయ్యా. ఎన్నాళ్ళిలా మూగనోము?"

"ఏమనమంటావు? నేననేవన్నీ నవ్వుకోడానికి. ఇది నవ్వేది కాదు."

"ఇంకో బెంచీ చేసిచ్చానుగా."

"ఇచ్చావు. దానికి చప్పట్లు కూడా తెచ్చుకున్నావు. వెళ్ళి చెప్పెయ్."

"చెబితే? ఇక ఎవరైనా ఆ మలుపులో పుల్లయినా పెడతారా? మీ అబ్బాయి వ్యానులో పిల్లల్ని ఎక్కించేటప్పుడు, ఆ దొంగదాని మొగుడని చెప్పుకోరా? నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"ఉన్నచోటే పెట్టుకో. ఎవరికైనా ఇంకో చోటు ఉందా ఏంటి?"

పొద్దున్న వెళ్ళింది. తను చేసిన బెంచీ మీదే తన వంతు కోసం కూర్చోవలసి వచ్చింది. ముసలాయన జరిగి చోటిచ్చి, "మెత్తగా లేదు గాని దర్జాగా ఉందమ్మా" అని మెచ్చుకున్నాడు. లోపలికి, బయటికి మధ్య ఉన్నది ఒక తెర గుడ్డ మాత్రమే.

"ఏంటమ్మాయ్, జ్వరమా?" అన్నాడు కాంపౌండరు గారు, కట్టు గుడ్డ చుడుతూ.

"బాబాయ్, మీ బెంచీ నేనే తీసుకెళ్ళా."

చుట్టడం ఆగింది. ఆయన ఆమె మొహంలోకి కాసేపు చూసి, నెమ్మదిగా అన్నాడు. "తిరగేసి ఉంది కదా... తెలియక తీసుంటావు."

తప్పించుకునే తలుపు తెరిచే ఉంది. ఔనంటే చాలు. ఆమె దూది ఉండలు చూసిన సంగతి అత్తగారికి తప్ప ఎవరికీ తెలియదు.

"దూది చూశా బాబాయ్. చూసే తీసుకెళ్ళా."

బయట బెంచీ మీద కూడా మాటలు ఆగిపోయాయి.

"ఇప్పుడెక్కడుంది?"

"కోసేశా. మా ముందుగదిలో అరలు చేశా. రంగు వేసేశా."

ఆయన గుడ్డ చుట్ట బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకున్నాడు. అక్కర్లేకపోయినా మళ్ళీ తుడుచుకున్నాడు. "చెక్క పోతే పోయింది. చెక్కకేముంది! నలుగురిలో లేచి, నా నోటితో నీకు చప్పట్లు కొట్టించానే. నా మొహం ఏం కావాలి? అప్పుడైనా చెప్పాలనిపించలేదా నీకు?"

ఆయన తెరవైపు చెయ్యి చూపించాడు.

"ఆ పలకలు పట్రా."

"అవి ఇక బెంచీకి పనికిరావు బాబాయ్, సన్నగా..."

"పనికొస్తాయో లేదో నేను చూసుకుంటా. నావి నాకు తెచ్చిపెట్టు. ఇప్పుడే, పగలే."

ఇంటికొచ్చి స్క్రూలు ఊడదీస్తుంటే భర్త వచ్చాడు. ఆమె అంతా చెప్పింది. విన్నాడు. మంచం పట్టె మీద కూర్చుని చాలాసేపు బూటు లేసు కట్టుకున్నాడు. చివరికి, "వ్యాను బయటే ఉంది. వెనక పడేస్తే నిమిషం పని" అన్నాడు.

"వద్దు" అంది అత్తగారు. "తెచ్చుకున్నది అది. మొయ్యనీ."

"అమ్మా!"

"అత్తయ్య చెప్పింది నిజం" అంది రంగులక్క.

మొదటి పలక భుజాన పెట్టుకుని వీధిలోకి దిగింది. స్కూలుకి పిల్లలు, ఆఫీసులకి పెద్దలు వెళ్ళే వేళ. టైలరు భార్య గుమ్మం ఊడుస్తోంది.

"అక్కా! ఎవరు పారేశారు, ఇంత మంచి చెక్క?"

"ఎవరూ పారేయలేదు. కాంపౌండరు గారి బెంచీ ఇది. నేను ఎత్తుకెళ్ళా. తిరిగిచ్చేస్తున్నా."

టైలరు భార్య చీపురు పట్టుకుని పగలబడి నవ్వింది. "మీ అత్తాకోడళ్ళిద్దరూ నోరు తెరిస్తే చాలు, వేళాకోళమే!"

రంగులక్క ఆగింది. మొదటిసారి చెప్పడానికి ఇల్లు దాటినప్పటినుంచీ కూడగట్టుకున్న ఊపిరి సరిపోయింది. రెండోసారికి మళ్ళీ తెచ్చుకోవాలి.

"వేళాకోళం కాదమ్మా. నిజంగానే దొంగిలించా."

నవ్వు మొహం మీదే ఆగి, ఎటు పోవాలో తెలియనట్టు కాసేపు ఉండి, పోయింది. టైలరు భార్య "అలాగా" అంది. మళ్ళీ ఊడ్చిన చోటే ఊడవడం మొదలుపెట్టింది.

కాంపౌండరు గారు పలకని ఎక్కడ పెట్టాలో గడ్డంతో చూపించాడు. పెట్టింది. ఆయన కూర్చోమనలేదు, వెళ్ళమనలేదు. "తర్వాత ఎవరు?" అని బయటికి కేకేశాడు.

రెండో పలక కోసం తిరిగి వెళ్ళింది. ఈసారి వచ్చేటప్పటికి మాట ఆమె కంటే ముందే వీధి చివర దాకా చేరిపోయింది. జనం గుమ్మాల్లో, కిటికీల్లో నిలబడి చూశారు. మేడమీద పిట్టగోడ దగ్గర టీచరమ్మ ఉంది. ఆమె కూడా చూస్తూనే ఉంది. రంగులక్క పలకని ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకుని, తల దించకుండా నడవాలనుకుంది. సగం దూరం దాకా కుదిరింది.